ఇంగ్లండ్ కౌంటీ కోర్టులో ఓడిపోయాను, అప్పీలు చేయవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు, ఇప్పుడు లెస్టర్‌లో ఉంటున్నాను. డీలరు దగ్గర 6,200 పౌండ్లకు పాత కారు కొంటే ఆరు వారాలకే గేర్‌బాక్సు పోయింది. రిపేరు చేయనన్నాడు. కారు వెనక్కి తీసుకుని డబ్బివ్వమని కౌంటీ కోర్టులో స్మాల్ క్లెయిమ్ (చిన్న మొత్తాల దావా) వేశాను. "కొన్న రోజునే లోపం ఉందని మీరు రుజువు చేయలేదు" అంటూ డిస్ట్రిక్ట్ జడ్జి కొట్టేశారు. విచారణ జరిగి 12 రోజులైంది, ఆర్డరు నిన్ననే పోస్టులో వచ్చింది. తర్వాత ఒక మెకానిక్ రిపోర్టు రాయించాను. దాంతో హైకోర్టుకు వెళ్లవచ్చా?

జవాబు: ముందు తేదీ సంగతి చూద్దాం. గడువు 21 రోజులే, అదీ జడ్జి తీర్పు చెప్పిన రోజు నుంచి. ఆర్డరు చేతికందిన రోజుతో పని లేదు. అంటే మీకు మిగిలింది తొమ్మిది రోజులు. ఎక్కువమంది పోగొట్టుకునేది ఇక్కడే. డీలరు సరేనన్నా గడువు పెరగదు, కోర్టే పొడిగించాలి.

హైకోర్టు దాకా వెళ్లక్కర్లేదు. ఇక్కడి డిస్ట్రిక్ట్ జడ్జిని మన జిల్లా జడ్జి అనుకోకండి. కౌంటీ కోర్టులో ఆయనది కింది మెట్టు. ఆయన తీర్పు మీద అప్పీలును అదే కౌంటీ కోర్టులోని సర్క్యూట్ జడ్జి వింటారు. ఇంకో తేడా కూడా ఉంది. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 96వ సెక్షన్ ప్రకారం మొదటి అప్పీలు సాధారణంగా హక్కు. ఇక్కడ ముందు అనుమతి కావాలి. విచారణ రోజున అడిగి ఉండకపోతే, అప్పీలు వేసే ఎన్164 ఫారంలోనే అడగండి. గెలిచే అవకాశం నిజంగా ఉందనిపిస్తే అనుమతి దొరుకుతుంది.

మెకానిక్ రిపోర్టు మీద ఆశ పెట్టుకోవద్దు. అప్పీలంటే కేసు మళ్లీ మొదటినుంచి వినడం కాదు, కింది తీర్పులో తప్పుందా అని చూడడమే. కొత్త సాక్ష్యానికి 1954 నాటి లాడ్ వర్సెస్ మార్షల్ తీర్పు పెట్టిన పరీక్ష నేటికీ నడుస్తోంది. అందులో మొదటిదే, తగిన శ్రద్ధ పెట్టినా విచారణ నాటికి అది దొరికేది కాదా అన్నది. మీ రిపోర్టు అప్పుడే తీసుకోగలిగేవారు.

మీ అసలు బలం, లోపం మీరు రుజువు చేయలేదని జడ్జి అన్నట్టు మీరు మాటవరసకు రాసిన వాక్యంలో ఉంది. 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ 19వ సెక్షన్ ప్రకారం, డీలరు రిపేరు చేయనన్నందుకు వస్తువు తిరస్కరించి డబ్బు అడిగే మీలాంటి కేసులో, ఆరు నెలల్లోపు బయటపడ్డ లోపం అమ్మిన నాడే ఉన్నట్టు లెక్క. లేదని రుజువు చేయాల్సింది డీలరు. జడ్జి ఆ భారం మీ నెత్తిన పెట్టి ఉంటే అది చట్టపరమైన తప్పే. అయితే డీలరు సాక్ష్యం నమ్మి "అమ్మేనాటికి గేర్‌బాక్సు బాగానే ఉంది" అని కూడా తేల్చి ఉంటే ఈ వాదన నిలవడం కష్టం. అందుకే జడ్జి అన్న మాటలు యథాతథంగా కావాలి. జడ్జిమెంటు ట్రాన్‌స్క్రిప్టుకు ఈఎక్స్107 ఫారం ఇవ్వండి. అది వచ్చేదాకా ఆగకండి, అడిగానని రాసి ఎన్164 దాఖలు చేసేయండి. అప్పీలు కారణాలు విడి కాగితం మీద ఒకటి రెండు పేరాల్లో పెట్టండి. "జడ్జి నా మాట నమ్మలేదు" లాంటివి వద్దు, ఉన్న ఒక్క మంచి పాయింటూ వాటి కింద కనబడకుండా పోతుంది. దాఖలైన ఏడు రోజుల్లోపు డీలరుకు కాపీ చేరాలి. ఆదాయం తక్కువైతే ఫీజు మినహాయింపుకు ఈఎక్స్160 ఉంది.

అప్పీలు వేసినంత మాత్రాన ఆర్డరు ఆగదు. డీలరు ఖర్చులేవైనా కట్టమని ఉంటే కట్టాలి, లేదా స్టే కూడా అదే ఫారంలో అడగాలి. ఓడినా, అడ్డగోలుగా ప్రవర్తించకపోతే, ఎదుటి లాయరు ఫీజు మీ మీద పడదు. స్మాల్ క్లెయిమ్ అప్పీలుకూ ఆ రక్షణ వర్తిస్తుంది.

గెలిస్తే వెంటనే డబ్బు చేతికొస్తుందనుకోకండి, వేరే జడ్జి ముందు మళ్లీ విచారణ పెట్టవచ్చు. కాగితాల మీదే అనుమతి నిరాకరిస్తే ఏడు రోజుల్లోపు మౌఖిక విచారణ కోరవచ్చు, బొత్తిగా పస లేని అప్పీలని జడ్జి ముద్ర వేస్తే తప్ప. అక్కడా కాదంటే ఆ నిరాకరణ మీద ఇక అప్పీలు లేదు.