సిగ్నల్స్ అంటే ప్రాణం, రెండు మార్కులు తగ్గితే అన్నం సహించదు

ప్రశ్న: ఇంజినీరింగ్‌లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) రెండో సంవత్సరం చదువుతున్నాను. సిగ్నల్స్ అనే సబ్జెక్టు అంటే నాకు ప్రాణం. కానీ పుస్తకం మూస్తే ఏదో తప్పు చేసినట్టు ఉంటుంది. సంక్రాంతికి ఇంటికి వెళ్లినా అదే ధ్యాస. మిడ్ పరీక్షలో మా రూమ్మేటు కంటే రెండు మార్కులు తగ్గితే రెండు రోజులు అన్నం సహించలేదు. ఇంత ఇష్టం ఉన్నా ఎందుకిలా?

జవాబు: మీ ఇష్టాన్ని శంకించకండి. అయితే అన్ని ఇష్టాలూ ఒకలా పనిచేయవు. కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ వాలెరాండ్ 2003లో మక్కువను రెండుగా విడదీశారు. ఒకటి మిగతా జీవితంతో పొందికగా ఇమిడేది, ఎప్పుడు ఆపాలో మన చేతిలో ఉండేది. రెండోది మనల్నే పట్టి ఉంచేది. మన విలువంతా దాని ఫలితం మీదే ఉందనిపిస్తుంది. ఆయన బృందం మనస్తత్వ శాస్త్రం చదివే విద్యార్థులను పరిశీలిస్తే, మొదటి రకం మక్కువ ఉన్నవారు విషయం మీద పట్టు సాధించడమే లక్ష్యంగా పెట్టుకున్నారు. రెండో రకంలో ఆ లక్ష్యంతో పాటు ఇతరులను మించాలనే ఆరాటం, వెనకబడతామన్న భయం కూడా కలిశాయి. మీ ఉత్తరంలో ఈ మూడూ కనిపిస్తున్నాయి. ఇంటర్‌లో వారం వారం ర్యాంకుల జాబితా చూసుకుంటూ పెరిగినవారికి ఇది అలవాటైపోతుంది. ఆ నేరం మీది కాదు.

మార్కులు అక్కర్లేదని నేను చెప్పను. ప్రాంగణ నియామకాల్లో చాలా కంపెనీలు కనీస శాతం అడుగుతాయి. కానీ ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయో చూశారా? జవాబు పత్రం తీసుకుని మీ లెక్చరర్ దగ్గరకు వెళ్లండి. బహుశా కన్వల్యూషన్‌లో, అంటే రెండు సిగ్నల్స్‌ను కలిపే లెక్కలో, సమాకలన అవధులు (ఇంటిగ్రేషన్ లిమిట్స్) తప్పి ఉండవచ్చు. అలాగైతే ఒక సిగ్నల్‌ను తిప్పి, జరుపుతూ, ఎక్కడ రెండూ ఒకదానిపై ఒకటి పడుతున్నాయో కాగితం మీద గీయండి. వచ్చిన లెక్కలనే మళ్లీ చేయడం కాదు, తప్పిన చోటే కూర్చోవడం సాధన. అప్పుడు మీ పోలిక రూమ్మేటుతో ఉండదు, మీ పాత జవాబుతో ఉంటుంది.

వారానికి ఒక సాయంత్రం పుస్తకం ముట్టకండి. మొదట్లో మనసు గుంజుతుంది, గుంజనివ్వండి. పీజీ ప్రవేశాల కోసం రాసే గేట్ పరీక్ష గురించి కంగారైతే, దాన్ని మూడో సంవత్సరం నుంచే రాయవచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ఇప్పుడే పరుగు అవసరం లేదు. నిద్ర, ఆకలి రెండు వారాలకు మించి దెబ్బతింటే మాత్రం ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.