చెరువు రైతుకి పంపే కాంట్రాక్టు

సీతమ్మధార, విశాఖపట్నం

చి. సుమకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన సప్లయర్ కాంట్రాక్టు రెండుసార్లు చదివానమ్మా. మీ కంపెనీ దగ్గర రొయ్యలు కొనే జర్మనీ పార్టీ అడిగినవన్నీ తీసుకెళ్లి రొయ్యల రైతు నెత్తిన పెట్టేశావు. సరుకు తయారయ్యే చోట మనుషులకీ పర్యావరణానికీ హాని జరగకుండా కొనే కంపెనీలే చూసుకోవాలనే సప్లై చైన్ చట్టం 2023లో అక్కడ అమల్లోకొచ్చాక వాళ్ల భయం వాళ్లది. ఆ భయాన్ని కిందకి తోసేస్తే నీ ఫైల్లో సంతకం మిగులుతుంది, అంతే.

నేను పర్చేజ్‌లో ఉండగా ఒక కంటైనర్ యాంటీబయాటిక్ ఆనవాళ్లున్నాయని తిరిగొచ్చింది. ఊగిపోతూ చెరువు గట్టుకి వెళ్లాను. రైతు మేత బస్తాల వెనక నుంచి తన కాపీ తీశాడు. పద్దెనిమిది పేజీల ఇంగ్లీషు. పిన్ను తుప్పు పట్టింది, ఒక్క పేజీ మడత పడలేదు. "సంతకం పెట్టమన్నారు, పెట్టానండి. మందు షాపాయన ఇచ్చాడు, చల్లాను" అన్నాడు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్ మందులు నిషేధమని రాసిన మేము, డబ్బా మీద ఏం చూసుకోవాలో తెలుగులో ఒక్క ముక్క చెప్పలేదు. అందుకని తెలుగు కాపీ జత చెయ్యి. చెరువులో రొయ్యలు పట్టే ముందు చేసే టెస్టు ఖర్చు కంపెనీదని రాయి.

చెరువు నీళ్లు నేరుగా కాలవలోకి వదలొద్దన్నావు, మంచిదే. కానీ అవి తేరుకోడానికి ఇంకో గుంట కావాలి, ఆ గుంటలో రొయ్య పెరగదు. దానికి కిలోకి ఎంత కలుపుతావో కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) రేటు పక్కనే ఉండాలి.

పీలింగ్ షెడ్డు సంగతీ అంతే. నువ్వు సాయంత్రం ఆర్డరు రెట్టింపు చేస్తే ఆడవాళ్లు అర్ధరాత్రి దాకా ఒలుస్తూ కూర్చుంటారు. నీ ఓవర్‌టైం క్లాజుని నువ్వే చంపినట్టు. ఎన్ని రోజుల ముందు చెప్పాలో నీకు నువ్వే గిరి గీసుకో. ఇక 90 రోజుల పేమెంటు కొట్టెయ్యి. షెడ్డుకి, ఐస్ ప్లాంటుకి సూక్ష్మ, చిన్న సంస్థలుగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (కేంద్రం దగ్గర చేయించుకునే నమోదు) ఉంటే 2006 ఎంఎస్ఎంఈ చట్టం 45 రోజులు దాటనివ్వదు. దాటితే బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ.

కోటి రూపాయల జరిమానా చూసి నవ్వొచ్చింది. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద కోర్టు సబబైన పరిహారమే ఇప్పిస్తుంది, రాసిన అంకె దానికి హద్దు మాత్రమే. తప్పు దొరగ్గానే రద్దు అన్నదీ వద్దు. ఆ సరుకు తిప్పి పంపు, సరిదిద్దుకోడానికి గడువివ్వు. లేకపోతే మరోసారి తప్పు జరిగినా నీకు చెప్పరు.

సంతకాలకి ముందు ఒకరోజు గట్టు మీద కూర్చుని రైతుకి అంతా చదివి వినిపించు. ఎక్కడ నవ్వుతాడో అక్కడ పెన్సిల్ గీత పెట్టుకుని నాకు ఫోన్ చెయ్యి.

పెదనాన్న