తడవడం ఆగితే మాత్ర మానవచ్చా?

ప్రశ్న: మావారికి 43 ఏళ్లు. ఆరేళ్ల క్రితం మిర్చి బస్తాల లారీ పైనుంచి పడి, వీపు మధ్యభాగంలో వెన్నుపాము దెబ్బతింది. రోజుకు నాలుగుసార్లు గొట్టం వేసి మూత్రం తీస్తున్నాం. మూత్రసంచి ముడుచుకోవడాన్ని తగ్గించే సోలిఫెనసిన్ మాత్ర కూడా వాడుతున్నారు. ఏడాదిగా బట్టలు తడవడం లేదు. నోరెండిపోతోందని, మలబద్ధకంగా ఉందని ఇప్పుడు మాత్ర మానేస్తానంటున్నారు. మూత్రసంచి కండరాన్ని సడలించే బొటాక్స్ ఇంజెక్షన్ ఒక్కసారి చేయించుకుంటే చాలంటున్నారు, నిజమేనా?
- ఒక సోదరి, గుంటూరు

జవాబు: మానవద్దమ్మా. తడి ఆగింది జబ్బు పోయినందువల్ల కాదు, మాత్ర, గొట్టం కలిసి పనిచేస్తున్నందువల్ల. వెన్నుపాము దెబ్బతిన్నాక మూత్రసంచి మీద మెదడుకు అదుపు తప్పుతుంది. సంచి తనంతట తాను ముడుచుకుంటుంటే, అదే సమయంలో తెరుచుకోవలసిన కింది కండరం బిగుసుకుపోతుంది. అలా లోపల పెరిగిన ఒత్తిడి మూత్రపిండాలను నొప్పి తెలియనీయకుండానే దెబ్బతీస్తుంది, నా భయమంతా అందుకే.

అలాగని నోరెండడం, మలబద్ధకం భరించమని నేననను. ఆ ఇబ్బందులు మందువల్ల వచ్చేవే కనుక యూరాలజిస్టు మోతాదు తగ్గించవచ్చు, లేదా వేరే దారిలో పనిచేసే మిరాబెగ్రాన్‌కు మార్చవచ్చు. దానితో నోరు అంతగా ఎండదు గాని బీపీ చూసుకుంటూ ఉండాలి.

బొటాక్స్ ఒక్కసారితో సరిపోదు. సన్నని దుర్భిణి గొట్టంతో సంచి గోడలో పలుచోట్ల, మొత్తం 200 యూనిట్లు ఇస్తారు. సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలలకు ప్రభావం తగ్గి, మళ్లీ చేయించుకోవలసి వస్తుంది. ఆ ఇంజెక్షన్ తరువాత మూత్రం పూర్తిగా పోక గొట్టం అవసరపడవచ్చని చాలామంది వెనకాడతారు. మీవారికి అది ఇప్పటికే అలవాటు కనుక, మాత్రలు పడకపోతే ఇది మంచి మార్గమే.

ముందుగా ఒక పని చేయండి. గీతలున్న కొలత మగ్గులో మూత్రం పట్టి, ఎన్నింటికి ఎన్ని మి.లీ. వచ్చిందో, ఎంత నీరు తాగారో మూడు రోజులు నోటుబుక్కులో రాయండి. ఒక్కోసారి 500 మి.లీ. దాటుతుంటే నాలుగుసార్లు చాలడం లేదన్నమాట. గొట్టం బాధ తప్పుతుందని గుంటూరు ఎండల్లో నీళ్లు తగ్గించేవాళ్లను చూస్తుంటాను, దానివల్ల రాళ్లు, ఇన్ఫెక్షన్లు వస్తాయి.

ఏటా అల్ట్రాసౌండ్, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష తప్పనిసరి. సంచిలో ఒత్తిడిని కొలిచే యూరోడైనమిక్ పరీక్ష ఈమధ్య చేయించకపోతే, మందు మార్చేముందు దాని గురించి అడగండి. మూత్రం మబ్బుగా ఉన్నంత మాత్రాన యాంటీబయాటిక్ వేసుకోనక్కర్లేదు. చలిజ్వరం వస్తే మాత్రం అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి.