ఇటుక తీసేయండి, ముందు కాళ్లు చూడండి

ప్రశ్న: అన్నా, మేము నల్లగొండలో మొదటి అంతస్తులో కిరాయికి ఉంటాం. దసరా ముందు ఇల్లు మారాం. పాతింట్లో ఐదేళ్లు కిక్కురుమనకుండా పనిచేసిన ఫ్రంట్‌లోడ్ వాషింగ్ మెషిన్ ఇక్కడికొచ్చాక బట్టలు పిండేటప్పుడు బోనాల నాడు శిగమూగినట్టు ఊగుతోంది. వాష్ ఏరియాలో అడుగున నీళ్లు తగులుతాయని చక్రాల స్టాండు కొని దాని మీద పెట్టాం. మొన్న సోలాపూర్ చద్దరు ఒక్కటి వేస్తే గోడ దగ్గర నుంచి నీళ్లు పోయే జాలీ దాకా నడిచొచ్చి పైపు ఊడగొట్టుకుంది. కిందింటి ఓనరమ్మ పైకొచ్చి "ఏం దంచుతున్నరమ్మా?" అని అడిగింది. ముందర ఇటుక అడ్డం పెట్టాడు మా ఆయన. మెషినే మార్చమంటోంది మా ఆడబిడ్డ. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: మార్చకండి చెల్లెమ్మా, ఇప్పుడే వద్దు. పాతింట్లో లేని జబ్బు కొత్తింట్లో వచ్చిందంటే ముందు ఇంటిని అనుమానించాలి, తర్వాతే మెషిన్‌ను. పైగా మీ ఉత్తరంలోనే ఇద్దరు దొంగలు దొరికారు, ఒకటి ఆ చక్రాల స్టాండు, రెండోది ఒంటరి చద్దరు.

ఇటుక సంగతి ముందు తేల్చేద్దాం. డ్రమ్ములో అర కిలో బరువు ఒక పక్కకే ఉండిపోయిందనుకోండి. నడిమి నుంచి డ్రమ్ము అంచుకు సుమారు పావు మీటరు దూరం. నిమిషానికి 1000 చుట్లు తిరిగేటప్పుడు ఆ అర కిలో దాదాపు 140 కిలోల బరువంత బలంతో బయటికి గుంజుతుంది, అదీ ఒకే వైపు కాదు, సెకనుకు 16 సార్లకు పైగా చుట్టూ దిక్కు మారుస్తూ. చుట్లు రెట్టింపైతే ఆ గుంజుడు నాలుగింతలు, అందుకే ఉతికేటప్పుడు బుద్ధిగా ఉన్న మెషిన్ పిండేటప్పుడు మాత్రం పూనకమొచ్చినట్టు చేస్తుంది. దానికి ఇటుక ఏం అడ్డం? నడవకుండా ఆగితే ఆ దెబ్బలన్నీ లోపలి స్ప్రింగులకూ బాడీకీ తగులుతాయి, అంతే తేడా.

కాబట్టి ఒక్క బట్ట కూడా వేయకుండా ఉత్త స్పిన్ పెట్టి చూడండి. ఖాళీగా నిదానంగా తిరిగితే తప్పు బట్టలు వేసే తీరులో ఉంది. ఖాళీగా కూడా ఊగితే కింద నేల, కాళ్లు చూడాలి. అవీ బాగున్నాయంటే అప్పుడు లోపల. ఈ వరుస మాత్రం తప్పకండి, ఎందుకంటే మెకానిక్‌ను పిలిస్తే చాలామంది నేరుగా లోపలికే పోతారు, పార్టు మార్చాక మళ్లీ ఊగుతుంది.

స్టాండు ఈరోజే తీసేయండి. చక్రాల స్టాండు ఫ్రిజ్‌కు పనికొస్తుందేమో కానీ పిండే మెషిన్‌కు కాదు, బ్రేకు వేసినా చక్రాలకూ ఇరుసులకూ మధ్య సందు ఉంటుంది, ఆ సందులోనే అంతా ఊగుతుంది. ఇక వాష్ ఏరియా అంటే మేస్త్రీ నీళ్లు పోవడానికి కావాలనే వాలు పెడతాడు. మీ మెషిన్ జాలీ దాకా నడిచిందన్నారు చూడండి, వాలు ఎటుందో అదే చూపించింది. పాలిష్ చేసిన తాండూరు బండలైతే సబ్బు నీళ్లు పడ్డప్పుడు మెషిన్ ఇంకా సులువుగా జారుతుంది. అడుగు తడుస్తుందనే భయముంటే ఓనరమ్మను అడిగి సిమెంటుతో నాలుగు వేళ్ల ఎత్తు దిమ్మె, పైన మట్టంగా ఉండేట్టు కట్టించుకోండి. దంచుడు ఆగుతుందంటే ఆమె కాదనదు.

కాళ్ల పని ఇద్దరుండి చేయాలి, ఫ్రంట్‌లోడ్‌లో కాంక్రీటు దిమ్మెలు కూడా ఉంటాయి కాబట్టి 60 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. ప్లగ్గు తీసి, ఒకరు మెల్లగా వెనక్కి వంచి పట్టుకుంటే ఇంకొకరు పానాతో కాలు తిప్పాలి. మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి పైన ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా పెట్టండి, బుడగ రెండు సార్లూ నడిమిలో నిలవాలి. తర్వాత పై మూలలను ఎదురెదురుగా చేత్తో నొక్కి చూడండి, ఏ మూల టక్కుమన్నా అక్కడి కాలు నేలకు ఆనలేదు. కాళ్లు ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు, పొడుగ్గా దించిన కాలు ఊగుతుంది. అందరూ మరిచిపోయేది చివరి పని: కాలు మీద ఇంకో నట్టు ఉంటుంది, దాన్ని పైకి బాడీకి ఆనేదాకా బిగించాలి. బిగించకపోతే నాలుగు ఉతుకులకే కాలు తిరిగిపోయి మళ్లీ మొదటికొస్తుంది. రబ్బరు ప్యాడ్లు జారకుండా ఆపుతాయి, మంచివే, కానీ మట్టం లేని మెషిన్‌ను మట్టం చేయవు. గోడకు ఆనించకుండా కాస్త ఎడం ఉంచండి.

చద్దరు ఒక్కటే వేస్తే తడిసి ముద్దగా ఒక పక్కకు చేరుతుంది. మెషిన్ కూడా పాపం సర్దడానికి చూస్తుంది, అటూ ఇటూ నిదానంగా తిప్పి, కుదరకపోతే కొన్నిట్లో 'యూఈ' అని చూపించి ఆగిపోతుంది. తోడుగా రెండు మూడు తువ్వాళ్లు వేయండి. కాళ్లు తుడుచుకునే రబ్బరు పట్టాలు అసలే వేయకండి. అలాగని కుక్కకండి, బట్టల పైన అరచేయి నిలువుగా పట్టేంత జాగా మిగలాలి.

ఇంత చేశాకా ఖాళీగా ఊగుతుంటే అప్పుడు లోపల చూద్దాం. ఇల్లు మారేటప్పుడు ట్రాన్సిట్ బోల్టులు, అంటే దారిలో డ్రమ్ము కదలకుండా వెనక వైపు పట్టి ఉంచేవి, బిగించకుండానే ట్రాలీ ఆటోలో ఎక్కించి ఉంటారు (నేనూ ఒకసారి అదే చేశాను, బోల్టులు ఎక్కడ పెట్టానో గుర్తుంటేగా). అలా తెస్తే దారిలో గుంతలకు డ్రమ్ము ఊగి, దాని ఊపును ఆపే కింది డంపర్లు దెబ్బతినొచ్చు. తలుపు తీసి డ్రమ్మును కిందికి నొక్కి వదలండి. ఒకసారి లేచి కుదురుకుంటే బాగున్నట్టు, ఊయలలా మూడు నాలుగుసార్లు ఊగితే డంపర్లు పోయినట్టు. ఇక డ్రమ్ము అంచు పట్టుకుని పైకి లేపితే లొటలొటలాడినా, చేత్తో తిప్పితే గరగరమన్నా బేరింగు అనుకోండి.

ఇక్కడ నీళ్ల మాట కూడా చెప్పాలి. మన దగ్గర ఏం పాడైనా ఫ్లోరైడ్ మీదికి నెట్టడం అలవాటు. పళ్లకు, ఎముకలకు అది చేసిన చెరుపు నిజమే కానీ మెషిన్‌లో తెల్లటి పెచ్చు కట్టేది కాల్షియం, మెగ్నీషియం. డ్రమ్మును వెనక పట్టుకునే మూడు చేతుల అల్యూమినియం ముక్క మీద ఆ పెచ్చు, సబ్బు మడ్డి పేరుకుంటే ఏళ్ల మీద తినేస్తుంది, అది విరిగితే చప్పుడు వీధి చివరికి వినిపిస్తుంది. భగీరథ నీళ్లు వచ్చే రోజున ఉతుక్కుంటే బోరు నీళ్ల కంటే నయం.

ప్రశ్న: మాది వనపర్తి దగ్గర పల్లె. సెమీ ఆటోమేటిక్, నాలుగేళ్లది. ఉతకడం బాగానే ఉంది, డ్రయ్యర్ తిప్పితే దడదడ. పైన గట్టిగా అదిమితే తగ్గుతుంది. రోజూ అదిమి పట్టుకుని నిలబడాలా?

జవాబు: వద్దు తమ్ముడూ. బట్టలను ఒకే పక్క కుక్కకుండా చుట్టూ పేర్చి, అడుగుకు నొక్కి, పైన పెట్టే చిన్న ప్లాస్టిక్ మూత పెడుతున్నారా? సగం ఇళ్లలో ఆ మూత పిల్లల ఆటకు పోయి ఉంటుంది. లేకపోతే పైబట్టలు లేచి అంచుకు తగిలి దడదడమంటుంది. మూత ఉండి, సరిగా పేర్చినా తగ్గకపోతే డ్రయ్యర్ మోటారు కింది మూడు స్ప్రింగుల్లో ఒకటి తుప్పుపట్టి విరిగి ఉంటుంది. మారిస్తే మూడూ కలిపి మార్పించండి, ఒక్కటి కొత్తది వేస్తే మళ్లీ ఒరుగుతుంది. అప్పుడే అడుగున ఎలుకల జాలీ ఉందో లేదో చూడమనండి, వైర్లు కొరికిన మెషిన్లు మన పల్లెల్లో తక్కువేం లేవు. మూత తీయగానే బ్రేకు పట్టి టబ్బు ఆగాలి. ఆగకపోతే చెయ్యి పెట్టకండి, ముందు ఆ బ్రేకు బాగుచేయించండి.

ప్రశ్న: నిన్ననే కొత్త ఫ్రంట్‌లోడ్ వచ్చింది, బిగించే మనిషి రెండు రోజులకు వస్తాడన్నారు. ఆగలేక మేమే పైపులు తగిలించి వేస్తే గుర్రంలా ఎగిరింది. ఖరాబు మెషిన్ అంటగట్టారా?
– గద్వాల

జవాబు: ముందు ఆపేయండి. వెనక వైపు మూడో నాలుగో పొడుగు బోల్టులు ఉన్నాయా? దారిలో డ్రమ్ము కదలకుండా కంపెనీలో బిగించినవి అవి, అన్నీ విప్పాకే వాడాలి. విప్పి, ఆ రంధ్రాలకు ఇచ్చిన ప్లాస్టిక్ బిళ్లలు పెట్టి, ఖాళీగా ఒకసారి తిప్పి చూడండి. అప్పటికీ ఎగిరితే ఇంక ముట్టుకోకుండా ఆ మనిషి వచ్చేదాకా ఆగండి. బోల్టులు మాత్రం కవర్లో వేసి బిల్లుతో పాటు దాచండి, నాలాగా పారేసుకోకండి.