ఆ 57 మంది గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. నిన్న రాత్రి ఒకసారి, పొద్దున కాఫీ తాగుతూ మరోసారి చదివాను. మంచి విషయం పట్టుకున్నావు. గ్వాడల్‌కెనాల్ అనగానే రెండో ప్రపంచ యుద్ధంలో ఆ పసిఫిక్ దీవి మీద అమెరికాకు జపాన్ సైన్యంతో జరిగిన పోరు గుర్తొస్తుంది గానీ, ఆ పోరు ముగిసిన దాదాపు రెండేళ్లకు అదే దీవి దగ్గర ఓడలోకి సరుకు ఎక్కిస్తూ పేలుడులో పోయిన 57 మంది సిపాయిలు ఎవరికి గుర్తు? నువ్వు వాళ్లను వెతుక్కుంటూ వెళ్లావు. కానీ వాళ్ల పక్కన కాసేపైనా నిలబడకుండా మంటల వైపు పరిగెత్తావు.

మొదటి పేరాలోనే ఓడ పేల్చేశావు. ఆకాశం ఎర్రబడటం, కడలి ఉప్పొంగడం, దిక్కులు పిక్కటిల్లడం. ఇవన్నీ సినిమాల్లోంచి వచ్చినవని పాఠకుడు రెండో వాక్యానికే పట్టేస్తాడు. నికరంగా తెలిసిన సంగతులు చాలా తక్కువ, వాటికి ఏ అలంకారమూ అక్కర్లేదు. 1945 జనవరి 29 రాత్రి, లుంగా తీరానికి ఎదురుగా లంగరేసి ఉన్న సర్పెన్స్ అనే అమెరికా సరుకు ఓడ పేలింది. కాసేపు ముందు భాగం ఒక్కటే కనిపించింది, తర్వాత అదీ మునిగింది. ఓడలో ఉన్నవాళ్లలో బతికింది ఇద్దరే, ఆ ముందు భాగంలో దొరికినవాళ్లు. కెప్టెనూ మరికొందరూ అప్పుడు ఒడ్డున ఉండబట్టి మిగిలారు. ఒడ్డున ఉన్న ఒక సైనికుడేమో ఎగిరొచ్చిన ఇనుప ముక్క తగిలి పోయాడు. పేలుడు గురించి ఇంతకు మించి ఒక్క ముక్క కూడా రాయకు.

ఇక మనుషుల సంగతి. చనిపోయినవాళ్లలో దాదాపు 200 మంది కోస్ట్ గార్డ్ నావికులు. 57 మంది సైన్యం తాలూకు స్టీవడోర్లు, అంటే యూనిఫాం వేసుకున్న ఓడ హమాలీలు. ఓడ నౌకాదళానిది, నడిపేది కోస్ట్ గార్డ్, సరుకెక్కించేది సైన్యం. అమెరికా కోస్ట్ గార్డ్ చరిత్రలో ఒక్క ఘటనలో ఇంతమందిని పోగొట్టుకోవడం మరెప్పుడూ లేదు కాబట్టి, ఈ కథ చెప్పే ప్రతివాళ్లూ అక్కడే మొదలుపెడతారు. ఆ లెక్కలో సిపాయిలు ‘వీరితో పాటు మరో 57 మంది’ అయిపోతారు. నీ వ్యాసంలో కూడా వాళ్లు వచ్చేది ఆరో పేజీలో, ఒక్క వాక్యంలో, అదీ ‘అమాయక ప్రాణాలు’ అన్న మాట తగిలించుకుని. అమాయకులేమిటి? పని తెలిసినవాళ్లు. ఆ మాట కొట్టెయ్యి.

వాళ్ల పని ఏమిటో ఒక్కసారి నిదానంగా చూడు. సర్పెన్స్ లిబర్టీ రకం ఓడ. ఆ ఓడల్లో సరుకు నింపే అరలు ఐదుంటాయి, ఒక్కొక్కటీ నూతిలా లోతు. పైన వించి, అంటే బరువులెత్తే యంత్రం, నడిపేవాడికి అడుగున ఏముందో కనబడదు. అర మూతి దగ్గర ఇంకొకడు నిలబడి చేతి సైగలు చేస్తుంటే, వాటిని బట్టే దించాలి, ఆపాలి. లంగరేసిన ఓడ గనక సరుకు చిన్న నావల మీద వస్తుంది. కింద నావ ఊగుతుంది, పైన ఓడ ఊగుతుంది, మధ్యలో బరువు వేలాడుతుంది. ఆ రాత్రి వేలాడినవి జలాంతర్గాముల మీద వేసే డెప్త్ ఛార్జీలు, అంటే పీపాల్లాంటి బాంబులు. ఒక్కోదాంట్లో ఉండే మందుగుండే మనిషి బరువుకు మించి ఉండేది. అడుగున ఉన్నవాళ్లు దాన్ని పట్టుకుని, కొక్కెం విప్పి, జరిపి, కదలకుండా చెక్కలు బిగించాలి. సముద్రం మీద ఓడ ఒరిగినప్పుడు పీపా పక్కదానికి కొట్టుకోకుండా చూసేది ఆ చెక్కలే. అది కాగానే ఇంకొకటి దిగుతుంది. ఉష్ణమండలపు రాత్రి, ఇనుప అర, గాలి ఆడదు. నువ్వు రెండు పేజీలు ఇక్కడే ఉండాలి. ఈ పని చూసిన పాఠకుడికి తర్వాత ‘57’ అని ఒక్క అంకె చెప్పినా సరిపోతుంది.

ఈ పని పుస్తకాల్లో చదివితే పూర్తిగా ఎక్కదు. విశాఖలో ఉన్నావు కదా, పోర్టులో కంటెయినర్లు రాకముందు పనిచేసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వెళ్లి కూర్చో. గ్వాడల్‌కెనాల్ గురించి కాదు, వించి గురించి, తాడు గురించి, రాత్రి షిఫ్టు గురించి అడుగు. మేస్త్రీ తొందరపెడితే ఏం చేసేవారో అడుగు. వాళ్లు చెప్పిన మాటలు తీసుకెళ్లి ఆ సిపాయిల నోట్లో మాత్రం పెట్టకు. నీ చెయ్యి తడబడకుండా ఉండటానికే అవి.

కారణం దగ్గర నువ్వు చాలా తొందరపడ్డావు. ‘ఎవరో జారవిడిచి ఉంటారు’ అని రాసేశావు. ఎవరు చెప్పారు నీకు? మొదట శత్రువు పనే అనుకున్నారు. 1949 నాటికి నౌకాదళం అది శత్రుదాడి కాదని, సరుకు ఎక్కించడంలో జరిగిన ప్రమాదమని తేల్చింది. ఆ మాట దగ్గరే నువ్వూ ఆగాలి. ‘ఎక్కించడంలో ప్రమాదం’ అన్నదాన్ని ‘ఎక్కించినవాడి తప్పు’ చెయ్యడానికి ఒక్క అడుగు చాలు, ఆ అడుగు వేసిన చోట ఏం జరిగిందో చరిత్రలో ఉంది. కాలిఫోర్నియాలోని పోర్ట్ షికాగోలో 1944 జూలై 17న మందుగుండు ఎక్కిస్తున్న ఓడ పేలి 320 మంది పోయారు. వాళ్లలో 202 మంది నల్లజాతివాళ్లు. అక్కడ ఎక్కించే పని చేసేది నల్లజాతి నావికులే, పైన అధికారులంతా తెల్లవాళ్లు. సరైన శిక్షణ లేదు, ఎవరి గ్యాంగు ఎక్కువ టన్నులు ఎక్కిస్తుందని అధికారుల మధ్య పోటీ. విచారణ ఆ అధికారులను వదిలేసింది. ఆ పరిస్థితుల్లో మళ్లీ పనిలోకి వెళ్లబోమన్నవాళ్లలో 50 మందిని సైనిక కోర్టు తిరుగుబాటు నేరం కింద శిక్షించింది. వాళ్ల మీద ఆ మచ్చ పోయింది 2024లో, అంటే 80 ఏళ్లకు. దీన్ని నీ వ్యాసంలో ఇరికించమని చెప్పడం లేదు. ‘ఉంటారు’ అని రాసేముందు గుర్తు తెచ్చుకో, అంతే.

బొంబాయి రేవు పేలుడుతో పోల్చిన పేరా ఉంచు, కానీ బంగారం తగ్గించు. 1944 ఏప్రిల్ 14న ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలినప్పుడు బంగారు కడ్డీలు ఎగిరిపడ్డాయన్నది అందరూ చెప్పే ముచ్చటే. ఆ రోజు పోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది పేరు మీద ఇప్పటికీ ఏటా ఏప్రిల్ 14న మన ఊళ్ల ఫైర్ స్టేషన్లలో కూడా నివాళులు అర్పిస్తారు. అది న్యాయమే. మరి అదే ఓడలోంచి సరుకు దించుతున్న కూలీలకు ఏ తారీఖు ఉంది? నీ విషయానికి ఆనేది ఈ ప్రశ్న. మధ్యలో బంగారం మెరిసిందా, పాఠకుడు అటే పోతాడు.

ఆర్లింగ్టన్ భాగం బాగుంది. మొదట గ్వాడల్‌కెనాల్‌లోనే పూడ్చిన అవశేషాలను అమెరికాకు తెచ్చి, 1949 జూన్ 15న ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో మళ్లీ ఖననం చేశారు. 250 మంది, 52 శవపేటికలు, 28 సమాధులు. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి వదిలెయ్యి, వివరణ వద్దు. నావికుడెవరో సిపాయి ఎవరో విడదీయలేకపోయారని లెక్కే చెబుతుంది. బతికుండగా మూడు శాఖల కింద ఉన్నవాళ్లు అక్కడ ఒకే మట్టిలో కలిశారని నువ్వు రాసిన వాక్యం మాత్రం తీసెయ్యి. విన్నంతసేపు బాగుంటుంది, కానీ అది నువ్వు చేసుకున్న సమాధానం. ఎనిమిది పలకల స్మారకం మీద పేర్లు చెక్కి 1950 నవంబరు 16న ఆవిష్కరించారని రాసి, ముందుకు వెళ్లు.

ఒక చిన్న మాట. ఆ సిపాయిల్లో ఒకడికి పేరు పెట్టి, ఊళ్లో తల్లికి ఉత్తరం రాయించావు. కథ రాస్తే చెల్లుతుంది. వ్యాసం అని పైన పెట్టాక చెల్లదు. నిజంగా పోయినవాడి చోట నువ్వు పుట్టించినవాణ్ణి నిలబెడితే, పోయినవాడు రెండోసారి పోతాడు. కథే రాయాలనుంటే విడిగా రాయి, అదీ చదువుతాను.

ఉగాది సంచికకు ఇంకా టైముంది, టెన్షన్ పడకు. పది పేజీలు వద్దు, ఆరు చాలు. సరుకు నావ మీదకు రావడంతో మొదలుపెట్టు, పేలుడు నాలుగో పేజీ దాటేదాకా రానివ్వకు. పోర్టు పెద్దలతో మాట్లాడాకే కొత్త ప్రతి పంపు, అంతకుముందు పంపితే చదవను.