లా రాంజ్‌లో రెండు చలికాలాలు ఉన్నాను, నాకు తెలిసింది చెప్తా

"మా ఆవిడకి కెనడాలో, ఉత్తర సస్కాచెవాన్‌లోని లా రాంజ్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది. అక్కడ క్రీ అనే ఆదివాసీ జనం ఎక్కువట. మనల్ని కలుపుకుంటారా? చిన్నపాపతో ఉండగలమా?" అని అడిగారు. నేను అక్కడ మందుల షాపులో పనిచేశాను. వెళ్లండి అనే అంటాను.

ముందు నా పరువు నేనే తీసుకుంటా. వెళ్లిన వారంలోనే 'లాక్ లా రాంజ్ ఇండియన్ బ్యాండ్' అన్న బోర్డు చూసి, ఈ అడవిలో మనవాళ్ల బ్యాండుమేళం ఏంట్రా అని ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పాను. బ్యాండ్ అంటే అక్కడి క్రీ వాళ్ల సొంత పాలనా వ్యవస్థ. సస్కాచెవాన్‌లో జనాభా పరంగా పెద్దవాటిలో ఇదొకటి. ఆ 'ఇండియన్' పాత చట్టాల నాటి మాట, మీరు వాడకండి, క్రీ అనండి. వాళ్లు మాత్రం ఆ మాట పట్టుకుని మనల్ని తెగ ఆటపట్టిస్తారు. ఆటపట్టిస్తున్నారంటే దగ్గరికి రానిచ్చినట్టే.

భాష సంగతి చెప్పాలి. షాపులో నాతో పనిచేసిన పెద్దావిడ ఒకరోజు, "మా భాషలో 'వుయ్' రెండు రకాలు, ఎదుటివాణ్ణి కలుపుకుని ఒకటి, వదిలేసి ఒకటి. ఎంత చెప్పినా ఇంగ్లిషు వాళ్ల బుర్రకెక్కదు" అంది. మనం, మేము! మాకూ ఉన్నాయంటే నమ్మలేదు, రెండూ నాచేత పదిసార్లు పలికించింది. ఇంకో తమాషా, అక్కడి క్రీలో 'నీద' అంటే 'నేను'. ఆ 'ద' మనకి ఇట్టే వస్తుంది.

తిండికి లోటుండదు. ఊరి పక్కనున్న సరస్సులో పికరెల్ అని చేప, ముల్లు తక్కువ, పులుసుకి బ్రహ్మాండం. అక్కడి వైల్డ్ రైస్ వరి కాదు, లోతు తక్కువ నీళ్లలో పెరిగే గడ్డిగింజ. వేసవి చివర్లో గాలిపంకా పడవల ముందు తట్ట కట్టి, మొక్కల్లోంచి పోనిచ్చి గింజ రాలుస్తారు. నల్లగా పొడుగ్గా ఉంటుంది, ముప్పావుగంట ఉడికితేగానీ విచ్చుకోదు. పెరుగన్నానికి పనికిరాదు, ప్రయత్నించాను.

చలి మైనస్ 40 దాకా పోతుంది. రాత్రి కారు ఇంజన్ హీటర్‌ని ప్లగ్గులో పెట్టడం మర్చిపోతే పొద్దున డ్యూటీ గోవిందా. సరస్సు గడ్డకట్టాక దానిమీదే బండ్లు పోతాయి. ఊరివాళ్లు సరేననేదాకా మీరు మాత్రం దిగొద్దు.

నిజంగా భయపడాల్సింది వేసవిలో కార్చిచ్చుకి. 2015లో ఊరు ఖాళీ చేయించారు. నేను వచ్చేశాక 2025లో మళ్లీ చేయించారు. పాపకి పొగ పడదేమో ముందే డాక్టర్ని అడగండి. జూన్ వచ్చిందంటే పాస్‌పోర్టులు, మందులు ఒక సంచీలో సర్ది తలుపు దగ్గర పెట్టుకోండి. దక్షిణానికి పోయే రోడ్డు ఒక్కటే, ఆ దారిలో వచ్చే పెద్ద ఊరు ప్రిన్స్ ఆల్బర్ట్ 240 కిలోమీటర్లు.

వీలైతే స్టాన్లీ మిషన్ అనే పల్లె చూడండి. 1850లలో కట్టడం మొదలెట్టిన చెక్క చర్చి, ఆ పల్లెకి నది అవతలి గట్టున ఉంటుంది, పడవలో పోవాలి.

చింతపండు, కందిపప్పు దక్షిణాన ఉన్న సస్కటూన్ నగరంలోనే కొనుక్కుని వెళ్లండి. చింతపండు రెండు కిలోలు ఎక్కువే తీసుకోండి. పులుసు రుచి చూశాక చేపలు వాళ్లే పట్టుకొస్తారు.