వాడిన రేసింగ్ సీటు కొనవచ్చునా?

ప్రశ్న: నేనూ మా తమ్ముడూ కలిసి ఒక పాత హ్యాచ్‌బ్యాక్ కారును ఆటోక్రాస్ (మలుపుల దారిలో సమయం లెక్కగట్టే కారు పందెం) పోటీలకు సిద్ధం చేస్తున్నాము. విశాఖపట్నంలో ఒకరు తాము వాడిన ఫైబర్ గ్లాస్ సీటును సగం ధరకు ఇస్తామంటున్నారు. తమ్ముడు నాకంటే సన్నగా ఉంటాడు. ఇద్దరికీ అదొక్కటే సరిపోతుందా? దానిని నేరుగా కారు నేలకే బిగించవచ్చునా?
- ఒక పాఠకుడు, రాయగడ (ఒడిశా)

జవాబు: బేరం ఖాయం చేసుకునే ముందు సీటుపై అతికించి ఉండే ఎఫ్ఐఏ (అంతర్జాతీయ మోటారు పందేల సంస్థ) లేబుల్ చూడండి. దానిపై ఆ సంస్థ సీటు ప్రమాణం సంఖ్య 8855-1999 అని ఉంటే, తయారైన నాటి నుంచి 5 ఏళ్ల వరకే ఆ సీటు పోటీలకు చెల్లుతుంది. తయారీదారే మళ్లీ పరిశీలించి ధ్రువీకరిస్తే మరో 2 ఏళ్ల వరకు గడువు పెరుగుతుంది. లేబుల్ ఊడిపోయిందని అమ్మేవారు చెబితే, ఎంత చవకైనా వదిలివేయండి. గడువు మిగిలి ఉన్నా, ప్రమాదానికి గురైన కారులోని సీటును తీసుకోవద్దు. తొడుగు ఎత్తి, పక్కల ఉండే బోల్ట్ రంధ్రాల చుట్టూ టార్చి వేసి చూసినప్పుడు సన్నని తెల్లని గీతలు కనిపిస్తే, లోపలి పొరలు దెబ్బతిన్నాయని అనుమానించవలసిందే.

సీటును మీ నడుము కొలతకే ఎంచుకోండి. తమ్ముడికి వదులైతే గట్టి నురుగు మెత్త వేయవచ్చును కాని, మనిషికీ సీటుకూ మధ్య మెత్త మందం 50 మిల్లీమీటర్లకు మించరాదని నిబంధన. ఇంట్లోని దిండు ఎంతమాత్రం పనికిరాదు; ఢీకొన్న క్షణంలో అది అణిగిపోయి, బిగించిన బెల్టు కాస్తా వదులవుతుంది.

ఇక బిగింపు సంగతి. చాలామంది సీటుకు వేలకు వేలు పోసి, దానిని నేలకు కలిపే బ్రాకెట్ల దగ్గర పొదుపు చూస్తారు. పలుచని నేల రేకుకు వట్టి వాషర్లతో బోల్ట్‌లు బిగిస్తే, దెబ్బ తగిలినప్పుడు రేకు చిరిగి సీటు బోల్ట్‌లతో సహా ఊడివస్తుంది. మీ వైపు వానలకు పాత కార్ల అడుగు తుప్పు పట్టి ఉంటే చెప్పనే అక్కరలేదు. సీటును ముందు రెండు, వెనుక రెండు చొప్పున నాలుగు చోట్ల, కనీసం 8 మిల్లీమీటర్ల బోల్ట్‌లతో బ్రాకెట్లకు బిగించాలి. బ్రాకెట్లూ, నేల అడుగున ఆనించే పలకలూ ఉక్కువైతే 3, తేలికపాటి మిశ్రలోహానివైతే 5 మిల్లీమీటర్ల మందమైనా ఉండాలి.

హార్నెస్ (డ్రైవరును సీటుకు బిగించి ఉంచే రేసింగ్ బెల్టు) పట్టీలు భుజాల నుంచి వెనక్కి కొద్దిగా మాత్రమే కిందికి వాలాలి. నిటారుగా కిందికి దిగితే ఢీకొన్నప్పుడు ఆ ఒత్తిడి అంతా వెన్నెముక మీద పడుతుంది. కనుక బ్రాకెట్ల ఎత్తు ఖాయం చేసే ముందు మీరిద్దరూ హెల్మెట్ పెట్టుకుని సీటులో కూర్చుని, పట్టీల వాలునూ, తలకూ రోల్ కేజ్ (కారు పల్టీ కొట్టినప్పుడు కాపాడే లోపలి గొట్టాల చట్రం) గొట్టానికీ మధ్య ఎడమునూ చూసుకున్నాకే వెల్డింగ్ చేయించండి.